ఇంటి దీపము : రెసిడెన్సీ ముగిసిన డాక్టరు ముందున్న దారులు



"మావాడు అమెరికాలో రెసిడెన్సీ పూర్తి చేసినాడు అయ్యగారూ. ఇంక వీసాతో ఏం పని? ఆ ఆస్పత్రివాళ్ళే ఉంచుకుంటారు గదా!" డాక్టరు బిడ్డలున్న ఇండ్లలో ఈ మాట మేము తరచుగా వింటున్నాము. మూడేండ్లు ఆ దేశపు రోగులకు రాత్రింబవళ్ళు సేవ చేసినవాడు అక్కడే ఉండవచ్చునని తల్లిదండ్రులు అనుకోవడము సహజమే. గాని అమెరికా చట్టము అలా చూడదు. చాలామంది విదేశీ డాక్టర్లకు రెసిడెన్సీ ముగిసే రోజుననే అసలు ప్రశ్న మొదలవుతుంది.

ఈ సంగతి తెలియక ఇక్కడ మనము ఎన్నో నిర్ణయాలు చేసుకుంటున్నాము. కొడుకు పరీక్షల ఫీజులకు, విమాన ఖర్చులకు పొలము తాకట్టు పెట్టి, "ఇంకో రెండేండ్లలో తీర్చేస్తాడు" అని లెక్క వేసుకుంటాము. పెండ్లికుమార్తె తరపువారు "అబ్బాయిది జె-1నా, హెచ్-1నా?" అని అడిగితే ఆ రెంటికీ తేడా ఏమిటో చెప్పలేక నీళ్ళు నములుతాము. అందుకే ఈ నెల ఈ శీర్షికలో కోడుమూరులోని తండ్రికైనా అర్థమయ్యేటట్టు ఆ దారులను వివరింపవలెనని తలంచాము. మేము న్యాయవాదులము కాము. మనవారి కుటుంబముల కొరకు చదివి తెలుసుకొన్నది, రూఢిగా ఉన్నది మాత్రమే చెబుతున్నాము.

మన జిల్లాకు ఇది క్రొత్త సంగతి కాదు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన నోరి దత్తాత్రేయుడు గారు 1970లలో న్యూయార్కు చేరి, క్యాన్సరుకు రేడియేషను చికిత్స చేయుటలో పేరు పొందారు. మన ప్రభుత్వము 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1965లో అమెరికా తన వలస చట్టమును మార్చిన తరువాత మన డాక్టర్లకు ఆ తలుపు బాగా తెరచుకొంది. 1976లో మరియొక చట్టము వచ్చి ఆ తలుపును కొంత మూసింది. నేటికీ అమెరికాలోని డాక్టర్లలో సుమారు నాలుగవ వంతు మంది బయటి దేశాలలో వైద్యము చదివినవారే. వారిలో భారతదేశములో చదివినవారి సంఖ్యే పెద్దది. అంటే ఆ దేశానికి మన పిల్లలు కావాలి. కాని కావలసినవారిని ఉంచుకొనుటకు కూడా అక్కడ ఒక పద్ధతి ఉన్నది.

జె-1, హెచ్-1బి

ఇక్కడ ఎం.బి.బి.ఎస్. చదివిన బిడ్డ యు.ఎస్.ఎమ్.ఎల్.ఇ. పరీక్షలు వ్రాసి, ఇ.సి.ఎఫ్.ఎమ్.జి. అను సంస్థ నుండి సర్టిఫికెట్టు పొంది, మార్చి నెలలో జరిగే 'మ్యాచ్'లో ఒక ఆస్పత్రికి ఎంపికైతే, జూలై 1 ప్రాంతమున రెసిడెన్సీలో చేరుతాడు. జనరల్ మెడిసిన్, పిల్లల వైద్యము, ఫ్యామిలీ మెడిసిన్ అయితే మూడేండ్లు. జనరల్ సర్జరీ అయితే ఐదేండ్లు.

ఈ శిక్షణకు రెండు వీసాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది జె-1. ఇది విద్యార్థులను, శిక్షణ పొందేవారిని ఇచ్చిపుచ్చుకొనే వీసా. దీనికి ఇ.సి.ఎఫ్.ఎమ్.జి. వారే పూచీగా నిలుస్తారు. సాధారణముగా మొత్తము ఏడేండ్లకు మించదు. రెండవది హెచ్-1బి. ఇది ఉద్యోగపు వీసా. దీనికి ఆస్పత్రి పూచీ. చేరకముందే మూడవ మెట్టు పరీక్ష, అనగా స్టెప్ 3 కూడా పాసై ఉండవలెను. దీని కాలపరిమితి ఆరేండ్లు. ఖర్చు, శ్రమ ఎక్కువని చాలా ఆస్పత్రులు హెచ్-1బి ఇవ్వవు. కాబట్టి మన పిల్లలలో ఎక్కువమంది జె-1 మీదనే వెళుతున్నారు.

తేడా ఎక్కడంటే, వైద్య శిక్షణకు జె-1 మీద వెళ్ళిన ప్రతి డాక్టరు మీదా ఒక షరతు ఉంటుంది. శిక్షణ ముగిసిన పిమ్మట స్వదేశములో మొత్తము రెండేండ్లు నివసించవలెను. అది తీరేవరకు హెచ్-1బి వీసా రాదు, గ్రీన్ కార్డు రాదు. వలస చట్టములో 212-ఇ సెక్షను అని పిలిచేది దీనినే. భర్తతో జె-2 మీద వెళ్ళిన భార్యకు కూడా ఇదే షరతు వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

ఢిల్లీ నుండి తెచ్చిన కాగితము

జె-1కు ముందు డాక్టరు మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుండి ఒక పత్రము తెచ్చుకోవలెను. "ఈ శాఖలో నిపుణులు మా దేశమునకు అవసరము. ఈ డాక్టరు శిక్షణ ముగించి తిరిగి వస్తానని మాకు వ్రాసి ఇచ్చినాడు" అన్నది దాని సారాంశము. వీసా తొందరలో ఈ పత్రమును పది కాగితాలలో ఒక కాగితముగా చూస్తాము. గాని అందులో ఉన్నది మాట. మన బిడ్డ ఇచ్చిన మాట. దాని సంగతి చివరలో మరల ఎత్తుకుందాము.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇతర జె-1 వారిలో కొందరు "మా దేశమునకు అభ్యంతరము లేదు" అన్న ఉత్తరముతో ఆ రెండేండ్ల షరతు నుండి మినహాయింపు అడుగవచ్చును. వైద్య శిక్షణకు వెళ్ళిన డాక్టరుకు మాత్రము ఈ దారి చట్టములోనే మూసి ఉన్నది. "ఢిల్లీలో మాకు తెలిసినవారున్నారు, ఆ ఉత్తరము తెప్పిస్తాము, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా మీ ఇంటికి వస్తే ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. ఆ ఉత్తరము వచ్చినా మీ బిడ్డకు పనికిరాదు.

మొదటి దారి : ఇంటికి రావడము

అన్నిటికంటె సూటియైన దారి ఇదే. రెండేండ్లు ఇండియాలో ఉంటే షరతు తీరిపోతుంది. సర్కారు కొలువే చేయవలెనన్న నియమము లేదు. కర్నూలులో ఉండవచ్చు, హైదరాబాదులో ఉండవచ్చు, మిషన్ ఆస్పత్రిలో ఉండవచ్చు. ఇక్కడ గడిపిన రోజులన్నీ కలిపి రెండేండ్లు కావలెను. మధ్యలో వేరే దేశములో గడిపిన రోజులు లెక్కకు రావు. తరువాత మరల వెళ్ళదలచుకొంటే హెచ్-1బికి గాని గ్రీన్ కార్డుకు గాని అడ్డు ఉండదు.

"అక్కడి చదువు ఇక్కడ చెల్లుతుందా?" అని కొందరికి సందేహము. 2008లో మన దేశము అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాల పి.జి. వైద్య అర్హతలకు, అవి ఆ దేశములో గుర్తింపు పొందినవైతే, ఇక్కడ కూడా గుర్తింపు ఇచ్చింది. కాబట్టి చదువు వృథా పోదు. అయితే బిడ్డ ఇక్కడి మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషను వదులుకోకుండా చూసుకోవలెను.

ఈ దారిలో కష్టము డబ్బు. చదువు అప్పు డాలర్ల ఆశతో చేసి, జీతము రూపాయలలో తీసుకొంటే వడ్డీ ముందుకు, అసలు వెనుకకు పోతాయి. అందుచేత అప్పు చేసేటప్పుడే, "బిడ్డ రెండేండ్లు ఇక్కడికి రావలసి వస్తే ఈ అప్పును మోయగలమా?" అని భార్యాభర్తలు కూర్చుని లెక్క వేసుకొనుట మంచిది.

రెండవ దారి : మినహాయింపు

జె-1 డాక్టర్లలో ఎక్కువమంది వెతికే దారి ఇది. దీనిలో ముఖ్యమైనది కాన్రాడ్ పథకము. ఉత్తర డకోటా రాష్ట్రపు సెనేటరు కెంట్ కాన్రాడ్ గారి పేరున 1994లో వచ్చింది. ఆయన రాష్ట్రములో పల్లెలకు డాక్టర్లు దొరికేవారు కారు. విదేశీ డాక్టర్లు శిక్షణ పొంది వెళ్ళిపోతున్నారు. "మా పల్లెకు వచ్చి మూడేండ్లు వైద్యము చేస్తే ఆ రెండేండ్ల షరతు తీసివేస్తాము" అన్నది ఈ ఏర్పాటు. మొదట ఒక్కొక్క రాష్ట్రానికి ఏడాదికి 20 మంది. 2002లో 30 చేశారు. అందుకే దానిని కాన్రాడ్ 30 అంటున్నారు.

షరతులు ఇవి. డాక్టర్ల కొరత ఉన్నదని ప్రభుత్వము గుర్తించిన ప్రాంతములో పని చేయవలెను. వారానికి 40 గంటలు, మూడు సంవత్సరములు. మినహాయింపు వచ్చిన 90 దినములలో పనిలో చేరవలెను. ఆ మూడేండ్లు హెచ్-1బి మీద ఉండవలెను. 30 స్థానములలో 10 వరకు మాత్రము కొరత ప్రాంతము వెలుపల ఉన్న ఆస్పత్రులకు ఇవ్వవచ్చును, అక్కడికి కొరత ప్రాంతపు రోగులు వస్తుంటే.

పని జరిగే వరుస కూడా తెలిసి ఉండవలెను. ముందు ఆస్పత్రితో ఒప్పందము. తరువాత ఆ రాష్ట్రపు ఆరోగ్య శాఖకు దరఖాస్తు. వారు ఒప్పుకొంటే వాషింగ్టనులోని విదేశాంగ శాఖకు సిఫారసు. అక్కడి నుండి వలస శాఖకు. వారు మినహాయింపు మంజూరు చేస్తే, అప్పుడు జె-1 నుండి హెచ్-1బికి మార్పు. ప్రతి మెట్టు దగ్గరా వారాలు, నెలలు పడతాయి. వారి ప్రభుత్వపు సంవత్సరము అక్టోబరు 1న మొదలవుతుంది. కొన్ని రాష్ట్రాలలో 30 స్థానములు త్వరగా నిండిపోతాయి. కొన్నింటిలో ఏడాది పొడుగునా మిగిలి ఉంటాయి. జూన్ చివర శిక్షణ ముగిసే బిడ్డ అంతకుముందు అక్టోబరు నాటికి ఒప్పందము చేతబట్టుకొని ఉండవలెను. అంటే చివరి సంవత్సరము మొదలు కాకమునుపే ఉద్యోగము వెతకవలెను. శిక్షణ ముగిశాక జె-1 వారికి మిగిలేది 30 దినములే.

ఈ చట్టము శాశ్వతమైనది కాదన్న సంగతి కూడా మరువరాదు. అమెరికా కాంగ్రెసు ఎప్పటికప్పుడు గడువు పొడిగిస్తూ వస్తున్నది. 2025 సెప్టెంబరు 30న కూడా గడువు తీరి అనేకులు ఆందోళన చెందారు. గడువు తీరిన దినమునకు ముందే జె-1 మీద ప్రవేశించినవారికి ఈ పథకము వర్తిస్తూనే ఉంటుంది. క్రొత్తగా వెళ్ళేవారు మాత్రము వెళ్ళే నాటికి చట్టము ఏ స్థితిలో ఉన్నదో విచారించుకోవలెను.

కాన్రాడ్ ఒక్కటే కాదు. సైనికులుగా పనిచేసి వచ్చినవారి కొరకున్న ఆస్పత్రుల శాఖ తన డాక్టర్ల కొరకు మినహాయింపు అడుగవచ్చును. ఆరోగ్య శాఖ అడుగవచ్చును. 13 రాష్ట్రాలలో వ్యాపించిన అపలాచియన్ కొండల ప్రాంతమునకు 1965లో ఏర్పడిన కమీషను, మిసిసిపీ నదీ ప్రాంతమునకున్న డెల్టా సంస్థ కూడా తమ పల్లెల కొరకు అడుగుతాయి. వీటికి 30 మంది అన్న లెక్క లేదు.

ఇంకా రెండు మినహాయింపులున్నాయి. తాను స్వదేశము వెళ్తే అమెరికా పౌరసత్వము గాని గ్రీన్ కార్డు గాని ఉన్న భార్యకో, భర్తకో, బిడ్డకో అసాధారణమైన కష్టము కలుగునని రుజువు చేయుట ఒకటి. "ఎడబాటు కలుగుతుంది" అంటే చాలదు. తీవ్రమైన జబ్బు వంటి గట్టి కారణము చూపవలెను. స్వదేశములో హింసకు గురియగుదునని రుజువు చేయుట రెండవది. లేని జబ్బును, లేని హింసను కాగితము మీద సృష్టించమని సలహా ఇచ్చేవారు ఉంటారు. అటువంటి సలహాకు చెవి ఒగ్గవద్దు. అబద్ధముతో వచ్చిన వీసా ఆ అబద్ధము బయటపడిన రోజున పోతుంది. తరువాత ఆ దేశములో అడుగు పెట్టుటే కష్టమవుతుంది.

మూడవ దారి, నాలుగవ దారి

రెసిడెన్సీ తరువాత గుండె, మూత్రపిండములు వంటి ప్రత్యేక శాఖలో ఫెలోషిప్పు దొరికితే ఏడేండ్ల పరిమితిలో జె-1 మీదనే కొనసాగవచ్చును. ఇది షరతును వాయిదా వేయుటే గాని తీర్చుట కాదు. ఒక సంగతి జ్ఞాపకముంచుకోవలెను. మినహాయింపు తీసుకొన్న తరువాత మరల జె-1 మీద ఫెలోషిప్పుకు పోవుట కుదరదు. కాబట్టి ఫెలోషిప్పు చేయవలెనన్న కోరిక ఉంటే వరుస ముందే నిర్ణయించుకోవలెను.

నాలుగవది ఓ-1 వీసా. పరిశోధనలోనో వృత్తిలోనో అసాధారణమైన ప్రతిభ చూపినవారికి ఇచ్చేది. రెండేండ్ల షరతు ఉన్నవారు దేశము దాటి వెళ్ళి, బయటి కాన్సులేటులో దీనిని పొందవచ్చును. అయినా షరతు నెత్తిమీద అలాగే ఉంటుంది. అది తీరేవరకు గ్రీన్ కార్డు రాదు. ఇది కొందరికే గాని అందరికీ కాదు.

హెచ్-1బి మీద చదివినవారికి

వీరికి రెండేండ్ల షరతు లేదు. అంతమాత్రాన చింత లేదని కాదు. ఆరేండ్లలో రెసిడెన్సీ మూడేండ్లు, ఫెలోషిప్పు మూడేండ్లు అయితే గడువు అక్కడికే సరి. పైగా యూనివర్సిటీ ఆస్పత్రులలో హెచ్-1బికి సంఖ్యా పరిమితి లేదు. అక్కడి నుండి ప్రైవేటు ఆస్పత్రికి మారేటప్పుడు ఏడాదికి 85,000 అన్న పరిమితిలో, లాటరీలో పేరు రావలెను. కాన్రాడ్ మినహాయింపు పొందిన జె-1 డాక్టరుకు ఈ లాటరీ లేదు. మొదట కష్టమనిపించిన జె-1 ఒక్కొక్కసారి చివరకు సులువవుతుంది. "హెచ్-1 అయితేనే పిల్లనిస్తాము" అనేవారు ఈ సంగతి ఆలోచింపవలెను.

2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ఒక ప్రకటన చేశారు. ఆ నెల 21 నుండి 12 నెలలపాటు క్రొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లు చెల్లించవలెనన్నది దాని సారము. మన లెక్కలో అది 80 లక్షల రూపాయలు దాటిన మాట. పల్లె ఆస్పత్రులు అంత ఎలా కట్టగలవని అక్కడి డాక్టర్ల సంఘములు అడిగాయి. దేశము లోపలనే ఉండి ఒక వీసా నుండి మరొకదానికి మారేవారికి ఆ రుసుము వర్తించదని అక్టోబరులో వలస శాఖ వివరణ ఇచ్చింది. ఇటువంటి ఉత్తరువులు ఒక్క రాత్రిలో వచ్చి, ఒక్క రాత్రిలో మారుతుంటాయి. కాబట్టి ఆ వారపు స్థితిని లైసెన్సు ఉన్న వలస న్యాయవాదిని అడిగి తెలుసుకొనుట తప్పనిసరి.

పెండ్లి తేదీ, భార్య ఉద్యోగము

పెద్దలు ఈ మాటను శ్రద్ధగా వినవలెను. మనము మే నెలలో సెలవులు చూసి, బంధువులందరికీ వీలైన తేదీన పెండ్లి పెట్టుకుంటాము. సరిగ్గా ఆ నెలలలోనే మన డాక్టరు వీసా జె-1 నుండి హెచ్-1బికి మారుతూ ఉంటుంది. ఆ దరఖాస్తు పరిశీలనలో ఉండగా దేశము దాటితే, వీసా మార్పు కోరిక వదులుకొన్నట్టే లెక్క. తరువాత ఇక్కడి కాన్సులేటులో వీసా ముద్ర వేయించుకొని పోవలెను. అది ఎన్నాళ్ళు పట్టునో ఎవరూ చెప్పలేరు. ఈలోగా 90 దినములు గడిచిపోవచ్చు. "ఒక్క వారమే గదా నాయనా, వచ్చి పో" అని తల్లి ఫోనులో ఏడిస్తే బిడ్డ కాదనలేడు. కాబట్టి తేదీ నిర్ణయించకముందే, "నీ కాగితములు ఎక్కడున్నాయి?" అని అడగండి. ఆరు నెలలు ఆగిన పెండ్లికి నష్టము లేదు.

కోడలి సంగతి. జె-2 మీద ఉన్న భార్య పని చేయుటకు అనుమతి అడుగవచ్చును. భర్త హెచ్-1బికి మారగానే ఆమె హెచ్-4కు మారుతుంది. అప్పుడు ఆ అనుమతి పోతుంది. భర్త గ్రీన్ కార్డు దరఖాస్తులో మొదటి మెట్టు మంజూరైతే హెచ్-4 భార్యలు కూడా పని చేయవచ్చునని 2015లో నియమము వచ్చింది. ఇక్కడ నర్సుగానో ఇంజనీరుగానో ఉద్యోగము చేస్తున్న అమ్మాయికి ఈ సంగతి పెండ్లికి ముందే చెప్పవలెను. చెప్పకుండా తీసుకొనిపోయి, మూడేండ్లు మంచు కురిసే చిన్న ఊరిలో నాలుగు గోడల మధ్య ఉంచి, "సర్దుకోలేకున్నది" అని ఆమెను నిందించుట న్యాయము కాదు.

గ్రీన్ కార్డు

మూడేండ్ల సేవ ముగిసేవరకు జె-1 మినహాయింపు డాక్టరుకు గ్రీన్ కార్డు రాదు. ముగిశాక కూడా మనవారికి పెద్ద వరుస ఉన్నది. ఉద్యోగము మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. సాధారణముగా ఏ ఒక్క దేశములో పుట్టినవారికీ ఇందులో 7 శాతము మించదు. అందుచేత ఇండియాలో పుట్టిన డాక్టరుకు పదేండ్లు దాటిన నిరీక్షణ కలుగుతున్నది. 1999లో వచ్చిన చట్టము ప్రకారము కొరత ప్రాంతములో ఐదేండ్లు పని చేసే డాక్టరు దేశ ప్రయోజనము పేరున దరఖాస్తు చేయవచ్చును. కాన్రాడ్ కింద చేసిన మూడేండ్లు ఆ ఐదింటిలో కలుస్తాయి. ఇది కాగితపు పని తగ్గిస్తుంది గాని వరుసను తగ్గించదు. 2000లో వచ్చిన చట్టము వలన మొదటి మెట్టు మంజూరైనవారు ఆరేండ్లు దాటినా హెచ్-1బిని పొడిగించుకోవచ్చును. ఇండియాలో పుట్టి తల్లిదండ్రులతో వెళ్ళిన పిల్లలకు 21 ఏండ్లు నిండితే తండ్రి వీసా వారిని కాయదు. చిన్నపిల్లలతో వెళ్ళే కుటుంబములు ఈ లెక్క ముందే వేసుకోవలెను.

ఒప్పంద పత్రములో చూడవలసినవి

మినహాయింపు డాక్టరు మూడేండ్లు ఒక యజమానికి కట్టుబడి ఉంటాడు. ఆస్పత్రి మూతపడుట వంటి బలమైన కారణము ఉంటే తప్ప మధ్యలో మారలేడు. వదలిపెడితే ఆ రెండేండ్ల షరతు మరల మీద పడుతుంది. ఈ బలహీనతను ఆసరా చేసుకొనే యజమానులు లేకపోలేదు. అందుచేత సంతకమునకు ముందు ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి, పని గంటలు, రాత్రి డ్యూటీలు పత్రములో స్పష్టముగా ఉన్నాయా? రెండు, ఏ ఊరిలో, ఏ చిరునామాలో పని అన్నది వ్రాసి ఉన్నదా? వేరే ఊరికి పంపితే మినహాయింపుకే ముప్పు. మూడు, మధ్యలో మానితే ఎంత నష్టపరిహారము కట్టవలెను? నాలుగు, సేవ ముగిశాక ఆ చుట్టుప్రక్కల ప్రాక్టీసు చేయరాదన్న షరతు ఉన్నదా? చాలా రాష్ట్రాలు మినహాయింపు డాక్టరు ఒప్పందములో దీనిని అనుమతించవు. ఐదు, గ్రీన్ కార్డు దరఖాస్తు ఎవరు, ఎప్పుడు పెడతారు? ఆరు, వలస న్యాయవాది ఆస్పత్రికి పని చేస్తున్నాడా, బిడ్డకా? వీలైతే బిడ్డ తనకు వేరుగా ఒకరిని పెట్టుకొనుట మేలు.

ఇచ్చిన మాట సంగతి

ఇప్పుడు ఆ ఢిల్లీ కాగితము దగ్గరకు వద్దాము. "తిరిగి వస్తానని వ్రాసి ఇచ్చి, మినహాయింపు తీసుకొని ఉండిపోవుట మాట తప్పుట కాదా?" అని మమ్మును అడిగినవారున్నారు. మంచి ప్రశ్న. మినహాయింపు చట్టములోనే ఉన్నది, దొంగదారి కాదు. దానిని తీసుకొన్న బిడ్డను దోషిగా నిలబెట్టుటకు మాకు మనసొప్పదు. అక్కడి పల్లెలలోని రోగులు కూడా మనుషులే. గనులలో ఊపిరి పాడైన అపలాచియా కూలివాడు, గంటల దూరము బండి నడిపి వచ్చే డకోటా గర్భిణి, వీరు అమెరికాలోని కోడుమూరువారు. మన ఊరి ఆస్పత్రిలో చూపించుకొని, అక్కడ కాదంటే కర్నూలు పెద్దాస్పత్రికి బస్సెక్కే మనకు వారి కష్టము తెలియనిది కాదు.

అయినా మాట మాటే. ఈ నేల చరిత్ర ఒకసారి చూడండి. ఐడా స్కడర్ అమెరికాలో వైద్యము చదివి, 1900లో వేలూరులో పని మొదలుపెట్టారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు క్యాంప్‌బెల్ పేరున ఆస్పత్రి నడిపారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు డాక్టరుగా కొంతకాలము పని చేసినది ఆ జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలోనే. సంఘముల సిఫారసుతో వేలూరులో చేరిన విద్యార్థులు చదువు ముగిసిన తరువాత మిషన్ ఆస్పత్రులలో నిర్ణీత కాలము పని చేస్తామని ఒప్పుకొంటారు. చదువు ఇచ్చినవారికి సేవ బాకీ ఉంటుందన్నది ఆ ఒప్పందము వెనుకనున్న ఆలోచన. కాన్రాడ్ చట్టములోనూ అదే ఆలోచన ఉన్నది. ఎటొచ్చీ అక్కడ ఆ బాకీని అమెరికా పల్లె వసూలు చేసుకొంటున్నది. సర్కారు కాలేజీలో, ప్రజల పన్నులతో ఎం.బి.బి.ఎస్. చదివిన బిడ్డ మన పల్లెకు పడ్డ బాకీ అలాగే నిలిచి ఉన్నది.

కాబట్టి మా సలహా ఇది. సంతకము చేయకముందే బిడ్డ, తల్లిదండ్రులు కలిసి ఆ పత్రము చదవండి. రాగలిగితే రండి. ఆ రెండేండ్లు శిక్ష అనుకోవద్దు. రాలేకపోతే, అక్కడి మూడేండ్లు గడియారము చూస్తూ కాక మనసు పెట్టి చేయండి. వీసా చిక్కులు తీరి, ప్రయాణము క్షేమమైన తరువాత, ఏడాదికి రెండు మూడు వారాలు ఇక్కడి ఆస్పత్రిలో కూర్చుని రోగులను చూడండి. ఊరిలో నర్సింగు చదవాలనుకొనే ఒక పేద పిల్లకు ఫీజు కట్టండి. కట్టిన రశీదు మీ దగ్గరే ఉంచుకోండి, ఫ్లెక్సీ బోర్డు వద్దు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. బిడ్డ ఏ దారి ఎంచుకొన్నా, ప్రక్కింటివాని కొడుకుతో పోల్చి అతనిని నలిపివేయవద్దు. వచ్చినవాడు ఓడిపోయి వచ్చినవాడు కాదు, ఉండిపోయినవాడు మిమ్మును మరచినవాడు కాదు. మీ ఇంటి అప్పు ఎంత, మీ ఆరోగ్యము ఎలా ఉన్నది, మీకు నిజముగా ఏమి కావలెను అన్నది దాచకుండా అతనికి చెప్పండి. నిజము తెలిసిన బిడ్డే సరిగ్గా ఆలోచించగలడు.

ఈ విషయములో మీకు ఇంకా సందేహములుంటే మాకు వ్రాయండి. తెలిసినంతవరకు జవాబిస్తాము. దేవుడు మీ ఇంటిని, దూరదేశములో రాత్రి డ్యూటీలో మేల్కొని ఉన్న మీ బిడ్డను కాపాడును గాక.